క్యాన్సర్ స్క్రీనింగ్ మీద పార్లమెంటులో మీ ప్రశ్న వేయించడం ఎలా

ముందు ఈ గొడవలోకి నేనెందుకు దిగానో చెప్తాను, లేకపోతే ఇంత పెద్దగా ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు. మా పిన్నిది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు, యాభై దాటాయి. ఒకరోజు ఆశా అక్క ఇంటికొచ్చి వయసెంత, నడుం కొలత ఎంత, పొగాకు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ ఉన్నాయా అని అడిగి ఫారం నింపుకుంది, తర్వాత ఏఎన్‌ఎమ్ బీపీ చూసి వేలు గుచ్చి షుగర్ చూసింది, అంతే అయిపోయింది. కొన్నాళ్ళకి వేరే పని మీద హెల్త్ సెంటర్‌కి వెళ్తే రిజిస్టర్‌లో పిన్ని పేరుకి ఎదురుగా నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడింటికీ టిక్కులు పడి ఉన్నాయి. నోరు తెరవమని కూడా ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. పిన్ని చిన్నప్పట్నుంచి అడ్డపొగ తాగే మనిషి, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు కదా అది, దానికి అంగిలి మీద మచ్చలొస్తాయని, క్యాన్సర్ కూడా అక్కడే వస్తుందని మన ఉత్తరాంధ్ర మీద ఎప్పుడో పరిశోధనలు జరిగాయి. చూడాల్సిన మనిషినే చూడలేదన్నమాట.

ఆ టిక్కు పెట్టిన అమ్మాయిని తిట్టుకోవద్దు, ఆవిడకి ఎన్ని యాప్‌లు, ఎన్ని టార్గెట్లు ఉంటాయో ఒకరోజు పక్కన కూర్చుంటే తెలుస్తుంది. కానీ ఆ టిక్కే పైకి పోయి పోయి ఢిల్లీలో "ఇన్ని కోట్ల మందికి స్క్రీనింగ్ చేశాం" అనే జవాబులో కలుస్తోందా అని నాకు డౌట్ వచ్చింది. ఆ డౌట్‌ని ప్రశ్నగా మార్చి ఎంపీ చేత అడిగించొచ్చు, దానికి మనం లాయర్లు అవ్వక్కర్లేదు. ఎలాగో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు పాత జవాబులు చదవండి

సన్సద్ డాట్ ఇన్ అనే సైట్ ఉంది, పార్లమెంటుదే. లోక్‌సభ, రాజ్యసభ రెండూ అందులోనే ఉంటాయి. క్వశ్చన్స్ అనే సెక్షన్‌లోకి వెళ్ళి మినిస్ట్రీ దగ్గర హెల్త్ అండ్ ఫ్యామిలీ వెల్ఫేర్ పెట్టి వెతకండి, జవాబులు పీడీఎఫ్‌లుగా దిగుతాయి. క్యాన్సర్ స్క్రీనింగ్ అని ఒక్క మాట కొట్టి ఆగిపోకండి, నాన్ కమ్యూనికబుల్ డిసీజెస్ (ఎన్‌సీడీ, అంటే బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బులు) అని, సర్వైకల్ (గర్భాశయ ముఖద్వారం) అని, హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) అని, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ (ఊళ్ళలో ఉండే చిన్న హెల్త్ సెంటర్) అని కూడా కొట్టండి, ఒకే విషయం ఒక్కో ఎంపీ ఒక్కో పేరుతో అడుగుతారు.

వెతకడం టైమ్ వేస్ట్ కాదు. ఒకసారి జవాబు వచ్చేసిన ప్రశ్నని మళ్ళీ అలాగే అడిగితే పార్లమెంటు సెక్రటేరియట్ వాళ్ళు తీసి పక్కన పెట్టేస్తారు, అందరికీ దొరికే డాక్యుమెంట్లలో ఉన్న సమాచారం అడిగినా అంతే. పాత జవాబు ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి అడగాలి.

పది జవాబులు చదివితే మీకే ఒక వాసన తెలిసిపోతుంది. మొదటి లైన్ ఎప్పుడూ ఒకటే, ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల సబ్జెక్ట్ అని. అది నిజమే, రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 6వ అంశం అది. రెండో లైన్, రాష్ట్రాలు పంపిన ప్రతిపాదనల్ని బట్టి నేషనల్ హెల్త్ మిషన్ కింద ఆర్థిక, సాంకేతిక సాయం చేస్తున్నాం అని. ఆ తర్వాత 770 జిల్లా ఎన్‌సీడీ క్లినిక్కులు, 6,410 సీహెచ్‌సీ (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) క్లినిక్కులు, 19 స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్లు, 20 టెర్షియరీ క్యాన్సర్ సెంటర్లు, ఈ నంబర్లు నాకు ఎక్కాల్లాగా నోటికొచ్చేశాయి. మన వైపు ఆ ఇన్‌స్టిట్యూట్ల లిస్టులో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, కర్నూలు ఇన్‌స్టిట్యూట్ ఉంటాయి.

ఈ రెండో లైన్‌ని మాత్రం తేలిగ్గా దాటేయకండి, అసలు తాళంచెవి అక్కడుంది. రాష్ట్రం ఏం అడిగింది, కేంద్రం ఎంత ఒప్పుకుంది, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఈ నాలుగూ వేరు వేరు. మన రెండు రాష్ట్రాలకీ కేంద్రం 60, రాష్ట్రం 40 లెక్కన డబ్బు పెట్టాలి. రాష్ట్రం పంపే ప్లాన్‌ని పీఐపీ అంటారు, దాని మీద కేంద్రం ఒప్పుకున్నదాన్ని ఆర్‌ఓపీ అంటారు, అవి నేషనల్ హెల్త్ మిషన్ సైట్‌లో పెడతారు. ఎంపీని కలిసే ముందు మీ రాష్ట్రం ఆర్‌ఓపీలో ఎన్‌సీడీ పేజీలు చూసుకుని వెళ్తే ఎదుటివాళ్ళు కుర్చీ వేసి కూర్చోమంటారు.

అన్నట్టు పీడీఎఫ్ చివర అనుబంధం అని రాష్ట్రాలవారీ టేబుల్ ఉంటుంది, చాలామంది పై పేరా చదివి మూసేస్తారు. మీరు చివర్నుంచి మొదలుపెట్టండి.

స్క్రీనింగ్ అంటే కాగితం మీద ఏముంది

ఇది తెలియకుండా ప్రశ్న రాస్తే తేలిపోతుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 2010లో 100 జిల్లాల్లో ఈ ఎన్‌సీడీ జబ్బుల కోసం ఎన్‌పీసీడీసీఎస్ అని ఒక ప్రోగ్రామ్ మొదలెట్టారు, 2023లో పేరు ఎన్‌పీ-ఎన్‌సీడీ అయింది. 2016లో వచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం 30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌తో పాటు మూడు క్యాన్సర్లు చూడాలి. నోటి క్యాన్సర్ ఆడా మగా ఇద్దరికీ, లైట్ వేసి నోరంతా కళ్ళతో చూడ్డం. రొమ్ము క్యాన్సర్‌కి ట్రైనింగ్ ఉన్నవాళ్ళు చేత్తో పరీక్షించడం. గర్భాశయ ముఖద్వారానికి వీఐఏ, అంటే పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి ఒక నిమిషం ఆగి తెల్ల మచ్చలు తేలుతున్నాయా అని చూడ్డం. మూడూ అయిదేళ్ళకోసారి చెయ్యాలి.

ఆశా అక్క నింపే ఫారం పేరు సీబ్యాక్. స్కోర్ 4 దాటితే ముందుగా వీళ్ళని పరీక్షకి పిలవాలని గుర్తు, అంతే. అందులో రెండో భాగంలో నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదా, రొమ్ములో గడ్డ ఉందా, ముట్లు ఆగిపోయాక రక్తం కనబడిందా లాంటి ప్రశ్నలుంటాయి. ఫారం నింపడం పరీక్ష కాదు, పరీక్షకి ముందు మెట్టు. మా పిన్ని విషయంలో ఆ మెట్టు మీదే ఆపేసి మేడెక్కినట్టు రాసేశారు.

ఇప్పుడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 2019-21 మధ్య జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 వయసు ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. మరి జులై 2025లో పార్లమెంటుకి కేంద్రం ఇచ్చిన జవాబులో అర్హులైన 25.42 కోట్ల మంది ఆడవాళ్ళలో 10.18 కోట్ల మందికి గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్ అయిందని ఉంది, అంటే 40 శాతం. సర్వే పాతది, మధ్యలో చాలా పని జరిగింది, ఒప్పుకుంటాను, 2025 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 దాకా స్పెషల్ డ్రైవ్ కూడా పెట్టారు. వయసు గ్రూపులు కూడా తేడా. అయినా సర్వేలో ఆడవాళ్ళనే అడిగారు, కేంద్రం లెక్కలుండే ఎన్‌సీడీ పోర్టల్‌లో సిబ్బంది ఎక్కించారు, ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో అడగాల్సిన అవసరం ఉంది. అబద్ధం ఆడుతున్నారని నేననట్లేదు, స్క్రీనింగ్ అనే మాటకి ఏ మెట్టు దగ్గర టిక్కు పడుతోందో చెప్పమంటున్నాను. నా ఒక్క పిన్నిని చూసి దేశం మొత్తం ఇంతే అనడం కూడా తప్పే కదా, అందుకే ప్రశ్న.

ఏ దారిలో అడిగించాలి

దారులు చాలా ఉన్నాయి కానీ మనలాంటి వాళ్ళకి పనికొచ్చేది క్వశ్చనే. స్టార్ ప్రశ్న అయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, అడిగిన ఎంపీ రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకి 20, రాజ్యసభలో 15 స్టార్ ప్రశ్నలు ఉంటాయి, వాటిలో ప్రశ్నల గంటలో నోటిదాకా వచ్చేవి కొన్నే, గొడవైతే అవీ ఉండవు. స్టార్ లేనివి లోక్‌సభలో 230, రాజ్యసభలో 160, వాటికి రాతపూర్వక జవాబు టేబుల్ మీద పెడతారు. టీవీలో కనబడాలంటే స్టార్, లెక్కలు కావాలంటే స్టార్ లేనిదే బెటర్. సభ వాయిదా పడినా రాతపూర్వక జవాబు మాత్రం వచ్చేస్తుంది, నేనైతే దానికే ఓటేస్తా.

ప్రశ్న కాకుండా విషయాన్ని సభ దృష్టికి తెచ్చే దారులూ ఉన్నాయి, జీరో అవర్‌లో, లోక్‌సభలో 377 నిబంధన కింద, రాజ్యసభలో స్పెషల్ మెన్షన్ కింద మాట్లాడించొచ్చు, మన ఊరి పేరు సభలో వినబడుతుంది, వీడియో బాగా తిరుగుతుంది. కానీ అంకెలు రావు.

టైమింగ్ ముఖ్యం. ఆరోగ్య శాఖ వంతు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో మంగళవారం. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కాబట్టి సెషన్ మొదలయ్యాక ఎంపీ దగ్గరికి పరిగెడితే సగం శుక్రవారాలు పోయినట్టే, సెషన్ డేట్లు ప్రకటించిన వారంలోనే కాగితం పీఏ చేతిలో ఉండాలి. బడ్జెట్ సెషన్ పొడుగ్గా ఉంటుంది, మధ్యలో గ్యాప్ కూడా ఉంటుంది, మొదటిసారి ట్రై చేసేవాళ్ళకి అదే మంచిది.

నోటీసు ఇచ్చినవన్నీ సభకి రావు, లాటరీ తీస్తారు. అందుకే ఒక్క ఎంపీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏపీకి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది, తెలంగాణకి 17, 7. రాజ్యసభ వాళ్ళని మనం మర్చిపోతాం కానీ రాష్ట్రం మొత్తం వాళ్ళదే, మీ జిల్లా కాకపోయినా అడగొచ్చు. ఇంకోటి, మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఆయన ప్రశ్న వేయలేరు, జవాబు చెప్పే వైపు కూర్చుంటారు కదా. 2024 ఎన్నికల తర్వాత ఏర్పడిన మంత్రివర్గంలో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు మంత్రులయ్యారు. అడ్డపొగ బాధ ఎక్కువున్న మా జిల్లాకే ఈ చిక్కొచ్చింది, ఇలాంటప్పుడు పక్క నియోజకవర్గం ఎంపీనో రాజ్యసభ సభ్యుణ్ణో పట్టుకోవాలి. పార్టీ చూడకండి, అధికార పక్షం వాళ్ళు కూడా ఇలాంటి ప్రశ్నలు బోలెడు అడుగుతారు.

ప్రశ్న రాయడం

లోక్‌సభకైతే మామూలుగా 150 పదాలు దాటకూడదు. వాదన, విమర్శ, వెటకారం ఉండకూడదు. అన్నిటికంటే పెద్ద గొయ్యి ఏంటంటే, ప్రధానంగా కేంద్రానికి సంబంధం లేని విషయం అడిగితే తీసేస్తారు. "మా పీహెచ్‌సీలో నర్సు లేదు" అని రాస్తే అది రాష్ట్రం పని అని బుట్టలోకి పోతుంది, అది మీ ఎమ్మెల్యే ద్వారా అసెంబ్లీలో వేయించాలి. అదే విషయాన్ని "నేషనల్ హెల్త్ మిషన్ కింద ఫలానా పోస్టులకి ఎన్ని మంజూరు, ఎన్ని భర్తీ, రాష్ట్రాలవారీగా" అని తిప్పితే నిలబడుతుంది.

విశాఖ అగనంపూడిలో ఉన్న హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి గురించి అడగాలంటే ఆరోగ్య శాఖకి రాయకండి, అది టాటా మెమోరియల్ కిందది, అంటే అణుశక్తి విభాగం. రాంగ్ అడ్రస్‌కి పంపితే తిరిగి తిరిగి సెషన్ అయిపోతుంది.

నేను పీఏకి ఇచ్చిన డ్రాఫ్ట్ దాదాపు ఇలా ఉంది, ఇంగ్లీషులోకి వాళ్ళే మార్చుకున్నారు, మీరు మార్చి ఇస్తే ఇంకా మంచిది:

ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి దయచేసి తెలుపగలరా:
(ఎ) గత మూడేళ్ళలో ఎన్‌సీడీ పోర్టల్ ప్రకారం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు శారీరక పరీక్ష జరిగినవారి సంఖ్య రాష్ట్రాలవారీగా ఎంత;
(బి) వారిలో అనుమానితులుగా పై ఆసుపత్రికి పంపినవారు, అక్కడకు చేరినవారు, వ్యాధి నిర్ధారణ అయినవారు, చికిత్స మొదలైనవారు ఎందరు;
(సి) సీబ్యాక్ ఫారం నింపడాన్ని స్క్రీనింగ్‌గా లెక్కిస్తున్నారా, లెక్కించకపోతే పోర్టల్‌లో రెంటినీ వేరుచేసే విధానం ఏమిటి;
(డి) ఇందుకోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోరిన, మంజూరైన, విడుదలైన, ఖర్చయిన నిధులెంత;
(ఇ) పోర్టల్ లెక్కలపై స్వతంత్ర తనిఖీ జరిగిందా, జరిగితే వివరాలు, జరగకపోతే కారణాలు ఏమిటి?

(బి) చూడండి, నాకు ప్రాణం అదే. పరీక్ష చేసి తెల్లమచ్చ ఉందని చెప్పి, కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దగా కనబడేలా చేసి చూసే పరీక్షకి, జిల్లా ఆసుపత్రికి వెళ్ళమని కాగితమిస్తే కూలి పోగొట్టుకుని బస్సెక్కి ఎంతమంది వెళ్తారు? వెళ్ళినవాళ్ళకి ఆరోజు డాక్టర్ ఉంటారా? ఎక్కడ జారిపోతున్నారో ఆ నాలుగు అంకెలే చెప్తాయి. 2025-26 బడ్జెట్‌లో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని, ఆ ఏడాదిలోనే 200 అన్నారు, మీ జిల్లా ఆ లిస్టులో ఉందా లేదా అన్నది కూడా విడిగా ఇంకో ప్రశ్నకి సరిపోతుంది, ఒకే దాంట్లో కుక్కేస్తే దేనికీ సరైన జవాబు రాదు.

చివర్లో "జరగకపోతే కారణాలు ఏమిటి" అనే తోక మాత్రం తీయకండి. అది లేకపోతే "లేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

పీఏని కలిసేటప్పుడు

ఎంపీ అపాయింట్‌మెంట్ కోసం నెల తిరగక్కర్లేదు, ప్రశ్నలు చూసేది ఆఫీసులో ఒక మనిషి, ఆ మనిషిని పట్టుకోండి. ఒకే పేజీ. పైన ప్రశ్న, కింద నాలుగు లైన్లలో ఎందుకు, పాత జవాబు నంబరు, తేదీ. ఆరోగ్య శాఖ పని చూసే పార్లమెంటు స్టాండింగ్ కమిటీ 2022లో ఇచ్చిన 139వ రిపోర్టు మొత్తం క్యాన్సర్ మీదే, క్యాన్సర్‌ని తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బుగా ప్రకటించాలని అందులో సిఫార్సు చేశారు, ఒక లైన్ దాన్నుంచి పెడితే మీరు గాల్లో మాట్లాడట్లేదని వాళ్ళకి తెలుస్తుంది. పిన్ని కథ కూడా చెప్పండి కానీ నోటితో చెప్పండి, పేరూ ఊరూ కాగితం మీద పెట్టకండి, రేపు ఆ చిన్న ఉద్యోగి మీద పడతారు. ఫోన్‌లో పంపిస్తే ఫొటో తీసి పంపకండి, టైప్ చేసింది పంపండి, కాపీ చేసుకోడానికి వీలుంటుంది. వారం తర్వాత ఒకసారి గుర్తు చెయ్యండి, రోజూ చేస్తే నంబర్ బ్లాక్ అవుతుంది, అనుభవంతో చెప్తున్నా.

జవాబు వచ్చాక

నాలుగు రకాలుగా వస్తుంది. అడిగిన అంకెలు వచ్చాయా, అదృష్టం. (ఎ) నుంచి (ఇ) వరకు కలిపి ఒకే జవాబు అని రెండు పేజీల పథకాల వర్ణన వచ్చిందా, ఏ భాగానికి జవాబు రాలేదో పెన్సిల్‌తో గీసుకుని వచ్చే సెషన్‌కి అదొక్కటే అడిగించండి, చిన్న ప్రశ్నకి తప్పించుకోవడం కష్టం. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అని వచ్చిందంటే నిరాశపడొద్దు, అది హామీ కింద లెక్క. హామీల మీద ఒక కమిటీ ఉంటుంది, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే గడువు పెంచమని మంత్రిత్వ శాఖ అడుక్కోవాలి. తేదీ క్యాలెండర్‌లో రాసుకుని ఎంపీ ఆఫీసుకి గుర్తుచెయ్యండి.

"ఈ సమాచారం కేంద్ర స్థాయిలో ఉంచడం లేదు" అని కూడా రావొచ్చు. అప్పుడు ఆ జవాబు కాపీ జత చేసి జిల్లా వైద్యాధికారి ఆఫీసుకి ఆర్‌టీఐ పెట్టండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో చెప్పాలి. మండలాలవారీగా రిఫర్ చేసినవాళ్ళెంత, చేరినవాళ్ళెంత అని రెండే కాలమ్స్ అడగండి, పేషెంట్ల పేర్లు అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇదంతా నడిచేలోపు ఇంట్లో వాళ్ళని ఆపకండి. తెలంగాణలో మంగళవారాలు ఆరోగ్య మహిళ క్లినిక్కులు ఉన్నాయి, మిగతా చోట్ల దగ్గరున్న ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో సీహెచ్‌ఓ (అక్కడుండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ఏరోజు ఉంటారో కనుక్కుని వెళ్ళి "నోరు చూడండి, అంగిలి కూడా" అని నోరు తెరిచి అడగడమే. మా పిన్నిని అలాగే తీసుకెళ్ళాం. ఆ అమ్మాయి టార్చ్ వేసి చూసి, అంగిలి మీద తెల్లగా ఉంది, పెద్దాసుపత్రిలో చూపించండి అని కాగితం రాసిచ్చింది. ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సర్ కాదు, కానీ ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. చుట్ట మానెయ్యమన్నారు, ఆవిడ మానేశానంటోంది, పక్కింటి వాళ్ళు వేరేలా చెప్తున్నారు.